తక్కువ ఆటగాడి డబ్బు: క్లబ్బు బల్ల, ఫోన్ తెర, గుండాట బోర్డు – ఏది మేలు?

పేకాటలో చేయి తిరిగినవాడు తనకంటే తక్కువ ఆటగాడి దగ్గర డబ్బు గెలవడం తప్పా, కాదా అన్న ప్రశ్న మన గోదావరి జిల్లాల్లో కొత్తది కాదు. సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చే సంక్రాంతి రోజుల్లో భీమవరం, ఉండి, ఆకివీడు మొదలుకొని అమలాపురం, ముమ్మిడివరం దాకా కోడిపందేల బరులు వెలుస్తాయి, వాటి పక్కనే గుండాట అనే పాచికల జూదం బోర్డులు పడతాయి. పండగ వెళ్లిపోయాక కూడా పట్టణాల్లోని క్లబ్బుల్లో పదమూడు ముక్కలాట, అంటే రమ్మీ, ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటుంది. ఇటీవలి దాకా అదే ఆట ఫోన్‌లోనూ నడిచింది. మూడు చోట్లా ఒకరి నష్టమే ఇంకొకరి లాభం. అయినా మూడింటినీ ఒకే గాటన కట్టడం సరికాదని, గెలిచేవాడి మీద పడే బాధ్యత ఒక్కో చోట ఒక్కో బరువుతో ఉంటుందని నా అభిప్రాయం. అసలు డబ్బు పెట్టి ఆడకపోవడమే అన్నిటికంటే మేలన్న పెద్దల మాటతో నాకు పేచీ లేదు. కానీ ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు గనుక, వాళ్లలో ఎవరు ఎక్కువ తప్పు చేస్తున్నారో, ఎవరు తక్కువ తప్పు చేస్తున్నారో తూచి చూడవలసిన అవసరం కూడా ఉంది.

మన చట్టం నేర్పునే గీటురాయిగా పెట్టుకుంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన, న్యాయవాదులు 1968 నాటిదిగా ఉదహరించే తీర్పు, మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడిచేదని, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి గనుక అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. క్లబ్బు నడిపేవాళ్లు ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు తేలితే అది నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో ఉంది గానీ, ఆ రెండో భాగం బల్లల దగ్గర ఎవరి నోటా వినపడదు. మొదటి భాగం మాత్రం అందరికీ కంఠతా వచ్చు: ‘ఇది జూదం కాదండీ, బుర్రతో ఆడే ఆట’ అంటారు.

నీతి దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. మూడు ముక్కలాటలో, బ్లఫ్ ఆడే నేర్పును పక్కన పెడితే, పాతికేళ్లుగా ఆడుతున్నవాడికీ నిన్న కూర్చున్నవాడికీ ఒకే రకం ముక్కలు పడే అవకాశం ఉంది; అక్కడ ఓడినవాడు ఓడింది అదృష్టానికి. రమ్మీలో అలా కాదు. రెండు కట్టలు కలిపి పంచిన ఆటలో ఇస్పేటు పదులు రెండే ఉంటాయి; ఆ రెండూ పడిపోయిన సంగతి గమనించకుండా ఇస్పేటు తొమ్మిదినీ జాకీనీ చేతిలో బిగించి పట్టుకుని, మధ్య ముక్క వస్తే లైఫ్ (జోకరు లేని వరస) అయిపోతుందని ఎదురుచూసేవాణ్ణి మీరూ చూసే ఉంటారు. ఎదుట కూర్చున్న చేయి తిరిగిన ఆటగాడికి అతని చేతిలో ఏముందో దాదాపు తెలుసు, ఎందుకంటే ఆ తొమ్మిదిని అతను పైముక్కగా ఎత్తుకున్నప్పుడే ఇతను గుర్తుపెట్టుకున్నాడు, ఆ పదుల్లో ఒకటి పారేసింది కూడా ఇతనే. డ్రాప్ విషయం ఇంకా స్పష్టం. జోకరు లేక, లైఫ్ లేక, రాజులూ రాణులూ పోగైన చేతిని మొదట్లోనే వదిలేస్తే పోయేది 20 పాయింట్లు, మధ్యలో వదిలితే 40, చివరిదాకా పట్టుకుని ఫుల్ కౌంట్ తింటే 80. పాయింటు రూపాయి చొప్పున ఆడితే, పది ఆటల్లో ఆరింటిని మొదట్లోనే వదిలేసినవాడికి వాటి మీద పోయేది 120 రూపాయలు. ఆశ చంపుకోలేక రెండే రెండు ఫుల్ కౌంట్లు తిన్నవాడికి పోయేది 160. ఈ తేడా ఒక్క సాయంత్రంలో కనపడకపోవచ్చు, మంచి ముక్కలు పడిన రోజున తక్కువ ఆటగాడే నవ్వుతూ లేవవచ్చు కూడా, కానీ నెలల మీద అది తప్పకుండా ఒక జేబులోంచి ఇంకో జేబులోకి ప్రవహిస్తుంది. అందుచేత నేర్పు అన్నది చట్టం ముందు గెలిచినవాడికి రక్షణ కావచ్చు గానీ, ఓడేవాడు ఓడతాడని ఇతనికి ముందే తెలుసునన్న నిజాన్ని బయటపెట్టేది కూడా అదే నేర్పు. తెలిసి తీసుకున్న డబ్బుకు తెలియక తీసుకున్న డబ్బుకంటే జవాబుదారీ ఎక్కువ.

‘వాడికి కూడా తెలుసు కదా, తెలిసే కూర్చున్నాడు కదా’ అన్నది దీనికి మామూలుగా వచ్చే జవాబు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన భారత భాగంలోనే ఈ జవాబుకు పరీక్ష ఉంది. శకుని పాచికల్లో ఆరితేరినవాడని ధర్మరాజుకు తెలుసు. అయినా పిలుపు వస్తే వెనుదిరగనని నియమం పెట్టుకున్నవాడు గనుక కూర్చున్నాడు. అంటే తెలిసి కూర్చోవడం ఒక్కటే చాలదు, పరువు పోకుండా లేచిపోయే దారి కూడా ఉండాలి. మన వైపు ఆ దారి చాలా ఇరుకు. ‘అప్పుడే లేచేస్తున్నావేంటి బావా, పట్టుమని పది ఆటలు కూడా అవ్వలేదు’ అన్న ఒక్క మాటకి, లేవబోయినవాడు సిగ్గుపడి మళ్లీ కుర్చీ ముందుకి లాక్కుంటాడు. ఆ మాట అన్నది గెలుస్తున్నవాడే అయితే, అది నా దృష్టిలో ముక్కలు మార్చి ఆడడానికి ఎంతో దూరంలో లేదు.

అదే పర్వాల వరసలో వచ్చే నలుడి కథ దీనికి ఎదురుబొదురుగా నిలుస్తుంది. పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుని తిరిగొచ్చి మళ్లీ ఆడి అన్నీ గెలుచుకున్నాడు, చివరికి పుష్కరుడి ప్రాణం కూడా పందెంలో తన చేతికి వచ్చింది. అప్పుడతను ప్రాణంతో పాటు పుష్కరుడి భాగం సొత్తు కూడా వదిలేశాడు. తన రాజ్యాన్ని మాత్రం వదులుకోలేదు. గెలుపును వద్దనుకోకుండానే, ఎంతవరకు తీసుకోవాలో ఒక హద్దు గీయవచ్చునని ఈ కథ చూపిస్తుంది, నేటి బల్ల దగ్గర కూడా పనికొచ్చేది ఆ హద్దే.

క్లబ్బు బల్లకు ఉన్న ఒక్క గొప్ప మేలు ఏమిటంటే అక్కడ ఎదుటివాడి ముఖం కనపడుతుంది. అతను కౌలు రైతా, రొయ్యల చెరువు యజమానా, పెన్షన్ తీసుకునే మాస్టారా అన్నది తెలుస్తుంది. ఓడుతున్నవాడు ఓడిన డబ్బు వెంట పడడం మొదలుపెట్టిన క్షణం కూడా తెలుస్తుంది: డ్రాప్ చేయవలసిన చేతుల్ని పట్టుకుంటాడు, టీ వచ్చినా తాగడం మర్చిపోతాడు, చివరికి ‘పాయింటు రెండు రూపాయలు చేద్దామండీ’ అని తనే అంటాడు. గెలుస్తున్నవాడి నిజమైన పరీక్ష ఆ మాట దగ్గర ఉంది. సరేనన్నవాడు అప్పటి నుంచి ఆడుతున్నది రమ్మీ కాదు, ఎదుటివాడి తొందరపాటుతో ఆడుతున్నాడు.

క్లబ్బులోనే మళ్లీ రెండు పద్ధతులు ఉన్నాయి, వాటి మధ్య తేడా చిన్నది కాదు. పాయింట్ల ఆటలో నష్టానికి అడుగు లేదు, ఒక్కో ఆటా విడిగా కోసుకుపోతుంది. 101 లేదా 201 పూల్‌లో మాత్రం అందరూ ముందే సమానంగా డబ్బు పెడతారు, నష్టపు పాయింట్లు ఆ అంకె దాటినవాడు బయటికి వెళ్లిపోతాడు, మళ్లీ చేరనివ్వకూడదని ముందే ఒప్పుకుంటే అతనికి ఆ పూట పోయేది మొదట పెట్టినంతే. ఓడినవాణ్ణి పరువు పోకుండా లేపేది ఇక్కడ మనిషి కాదు, ఆట నియమమే. అందుకే నేర్పులో హెచ్చుతగ్గులున్న నలుగురు కూర్చున్నప్పుడు పూల్ మేలని, పాయింట్ల ఆట సమఉజ్జీలకే తగినదని గట్టిగా చెబుతాను.

ఈ సందర్భంలో నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం ఒకటి చెప్పాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం రెండూ కాదన్నా ఆగని కోడిపందేలను నేను సమర్థించను. కత్తి కట్టిన కోడి బాధ నాకు వేడుక కాదు. అయినా ఆ బరి దగ్గర కూడా డేగ రంగు కోడికి ఎదురుగా కాకి రంగు కోడిని దింపేముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎత్తూ ఒడ్డూ చూస్తారు, జత కుదరకపోతే పందెం కట్టరు. కోడికి ఇచ్చే ఆ పాటి న్యాయం పేకబల్ల దగ్గర మనిషికి ఎవరూ ఇవ్వడం లేదు.

ఫోన్ ఆటలో జత చూసే ప్రసక్తే లేకపోయింది. అక్కడ బల్లలను విడదీసింది పందెం మొత్తాన్ని బట్టి. పాయింటు రెండు రూపాయల బల్ల దగ్గర నిన్న ఆట నేర్చుకున్న కుర్రవాడూ, ఒకేసారి మూడు నాలుగు బల్లల మీద ఆడే ఆరితేరినవాడూ పక్కపక్కనే కూర్చోగలిగేవారు, ఇద్దరికీ కనపడింది ఒక మారుపేరు, ఒక బొమ్మ. ఎదుటివాడి చేతిలో ఉన్నది జీతం డబ్బా, రొయ్యల మేతకని తెచ్చిన అప్పా, దుబాయ్ నుంచి తమ్ముడు పంపినదా తెలుసుకునే వీలు గెలిచేవాడికి లేకపోయింది, తెలుసుకోవాలన్న అవసరం కూడా కలగలేదు. పైగా క్లబ్బుకు తాళం వేసే వేళ ఒకటుంటుంది, జేబులో నోట్లు అయిపోయే వేళ ఒకటుంటుంది. ఫోన్‌కి ఆ రెండూ లేకపోయాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, అయితే డెల్టా నడుమ ఉన్నా పుదుచ్చేరికి చెందిన యానాంకి ఆ సవరణ వర్తించదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పు ఆటా, అదృష్టం ఆటా అన్న తేడాను పక్కన పెట్టి దేశమంతటికీ కలిపి డబ్బు ఆటలను ఆన్‌లైన్‌లో వద్దన్నది. నేర్పు ఉన్నంత మాత్రాన ఆట న్యాయమైపోదని చట్టం కూడా ఒప్పుకున్నట్టుగానే నేను దీన్ని చూస్తాను.

గుండాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆరు బొమ్మల బోర్డు మీద డబ్బు పెట్టించి, అవే బొమ్మలున్న పాచికలను డబ్బాలో గిలక్కొట్టి వేసే ఈ ఆటలో బోర్డు ముందు నిలబడ్డవాళ్లంతా సమానంగా బలహీనులే. మూడు పాచికలతో, పడిన ప్రతి బొమ్మకూ పెట్టినంత ఇచ్చే పద్ధతిలో ఆడారనుకుంటే, అవి 216 రకాలుగా పడవచ్చు. మనం కాసిన బొమ్మ అసలు పడనివి 125, ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడుసార్లూ పడేది ఒక్కటి. ఆ ఒక్కో రకానికీ రూపాయి చొప్పున కాస్తే 108 వస్తాయి, 125 పోతాయి. అంటే పెట్టిన ప్రతి వందలో దాదాపు 8 రూపాయలు ఏ నేర్పూ లేకుండానే బోర్డువాడివి. అయితే కూలి డబ్బు తెచ్చి కాసేవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పరు, మూడు పాచికలున్నాయి గనుక సగానికి సగం గెలుపేనని అతను నమ్ముతాడు, బోర్డువాడి బతుకుతెరువు ఆ నమ్మకమే.

వ్యాపారంలో మాత్రం తెలివైనవాడు తెలివి తక్కువవాడి దగ్గర లాభం తీయడం లేదా అని అడిగేవాళ్లున్నారు. తీస్తున్నాడు, తూకంలో మోసం చేస్తే అదీ తప్పే. కానీ మిల్లుకు ధాన్యం అమ్మిన రైతుకు డబ్బు, మిల్లుకు బియ్యం మిగులుతాయి. బల్ల దగ్గర ఆరుగురు రెండేసి వేలతో కూర్చుంటే లేచేటప్పుడు కూడా అదే పన్నెండు వేలు, క్లబ్బు తీసుకున్నది పోగా అంతకంటే తక్కువ. గెలిచిన ప్రతి రూపాయి వెనుకా అక్కడే కూర్చున్న ఒక మనిషి ఉన్నాడు. ‘నేను తీసుకోకపోతే ఇంకొకడు తీసుకుంటాడు’ అన్న వాదన కూడా నాకు నచ్చదు, ఎందుకంటే ఆ ఇంకొకడు కూడా అదే మాట అనుకుంటూ కూర్చుంటాడు.

కాబట్టి నా తూకంలో, తెలిసినవాళ్ల మధ్య, మళ్లీ చేరడానికి వీల్లేని చిన్న పూల్ అన్నిటికంటే మేలు. సమఉజ్జీల మధ్య పాయింట్ల ఆట దాని తర్వాత. హెచ్చుతగ్గులున్న పాయింట్ల ఆట చెడ్డది. గుండాట బోర్డు అంతకంటే చెడ్డది. ముఖం కనపడని ఫోన్ ఆట అన్నిటికంటే కింద. గుండాటకంటే ఫోన్‌ను కింద పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. బోర్డు దగ్గర పోయేది జేబులో ఉన్నంత వరకే, ఫోన్‌లో బ్యాంకు ఖాతాతో పాటు అప్పు యాప్ కూడా పక్క తెర మీదే ఉంటుంది.

ఇక కష్టమైన సందర్భం ఒకటి మిగిలింది. దాళ్వా పెట్టుబడికి తెచ్చిన డబ్బుతో ఒకడు వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడు, ఆ సంగతి మీకు తెలుసు, ‘నీకు ఆట రాదు, లే’ అంటే నలుగురిలో అతని పరువు పోతుంది, ఏమీ అనకుండా ఆడితే అతని ఎరువుల డబ్బు మీ జేబులోకి వస్తుంది. అతణ్ణి లేపకుండా ఆటనే లేపాలి. చేయి తిరిగినవాడు పని ఉందని చెప్పి తానే ముందు లేవవచ్చు, తనతో పాటు ఇంకొకరిని లేవదీయవచ్చు. మిగిలినవాళ్లతో ఆట రక్తి కట్టక బల్ల లేచిపోతే, కొత్తగా వచ్చినవాడు ఓడకుండా, మాట పడకుండా డబ్బుతో ఇంటికి వెళ్తాడు. దీనివల్ల గెలిచేవాడికి పోయేది ఒక్క సాయంత్రపు ఆట.