గండికోటలో టెంటు కంటే కయాకే నయం

"లోయ అంచునే టెంటు సార్, జిప్పు తీస్తే కింద పెన్నా కనపడుతుంది" అని టెంట్లు అద్దెకిచ్చేవాడు అన్న మాట నమ్మి మనిషికి 1,200 చొప్పున నలుగురికీ 4,800 ముందే ఫోన్‌పే చేసేశాను. అదే నేను చేసిన తప్పు. అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా సాయంత్రానికి చేరాం, దారిలో ఏ ఇబ్బందీ లేదు.

తీరా చూస్తే మా టెంట్లు కార్లు ఆపే చోటు పక్కన. జిప్పు తీస్తే కనపడేది ఎవరిదో ఇన్నోవా వెనక టైరు. అడిగితే "అంచున వేయనియ్యరు సార్, పది నిమిషాలు నడిస్తే లోయే కదా" అన్నాడు, డబ్బులు తీసుకునేటప్పుడు ఈ సంగతి తెలియనట్టు. దుప్పటికి 100 వేరే. మా బామ్మర్ది కొట్లాటకు దిగాడు, చివరికి 400 వెనక్కి వచ్చింది. మా ఆవిడ మొదటి నుంచీ హరిత హోటల్లో రూమ్ తీసుకుందామనే అంటోంది, ఇక నాతో మాటలు బంద్.

అక్కడ నేలంతా బండ, మేకులు దిగవు. అందుకని టెంటు తాళ్ళను రాళ్ళకు చుట్టి వదిలేశారు. రాత్రి రెండింటికి గాలి లేచింది, ఓ రాయి జరిగింది, గుడ్డ మొత్తం వచ్చి మా మొహాల మీద పడింది. పాపకు మాత్రం అదో ఆట. ఫోన్ లైటు పెట్టుకుని రాళ్ళు మోసింది నేనూ బామ్మర్దీ.

నిద్ర ఎలాగూ లేదని ఐదున్నరకే జామా మసీదు దాటి అంచుకు పోయాం. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన గండి అది, ఊరికి పేరొచ్చింది కూడా దాంతోనే. ఎర్ర బండలు ఎవరో పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటాయి, ఎండ పడేకొద్దీ ఒక్కో పొరా బయటపడుతుంది. కంచె లేదు, పిల్లల చెయ్యి వదలకండి.

తర్వాత కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, అరగంటకు మనిషికి 300. అక్కడి కుర్రాడు పాప లైఫ్ జాకెట్ బకిల్ తనే పెట్టి, రెండుసార్లు గట్టిగా లాగి చూసి, వదులనిపించి మళ్ళీ బిగించాడు. ఆ ట్రిప్పులో డబ్బుకు తగ్గ పని చేసింది ఆ కుర్రాడొక్కడే అనిపించింది. అంత ఎత్తు బండల మధ్య, నీళ్ళ మీద తెడ్డు చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

పోయేవాళ్ళు నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పోండి, ఎండాకాలం ఆ బండ మీద నిలవలేరు. టెంటు కావాలంటే అది వేసిన చోటే నిలబడి వీడియో కాల్ చేయమనండి, డబ్బు మాత్రం చూశాకే ఇవ్వండి.

వచ్చేటప్పుడు జమ్మలమడుగులో ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు 40. బొరుగులు మరీ మెత్తబడకుండా, పైన పప్పుల పొడి చల్లి వేడివేడిగా పెట్టారు. సగం తిన్నాక మా ఆవిడ నోరు విప్పింది. "ఇంకో ప్లేటు చెప్పండి" అంది.