మోడల్ నకిలీది, పోర్టు అసలుది: రస్ట్ చాట్ సర్వర్‌కి ఇంటిగ్రేషన్ టెస్టులు

గుంటూరులో మాది చిన్న ఆఫీసు. మిర్చి యార్డులోని కమీషన్ కొట్లకీ, సరుకు తెచ్చే రైతులకీ ఒక చాట్ సర్వీసు నడుపుతున్నాం. "తేజ ఈరోజు క్వింటా ఎంత పలికింది?", "తాలుకి ఏమన్నా రేటుందా?", "కోల్డ్ స్టోరేజీలో నావి ఎన్ని టిక్కీలున్నాయి?" అని తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది. (తేజ మిర్చిలో ఒక రకం, తాలు అంటే రంగు పోయిన కాయ, టిక్కీ అంటే మిర్చి బస్తా.) వెనకాల సర్వర్ మొత్తం రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాం: ఒకేసారి చాలా పనులు నడపడానికి టోకియో, వెబ్ సర్వర్‌కి యాక్సమ్, డేటాబేసుకి పోస్ట్‌గ్రెస్. జవాబు రాసే ఏఐ మోడల్ మాత్రం బయటివాళ్లది, నెట్ ద్వారా వాళ్ల ఏపీఐని పిలుస్తాం. ఈ సర్వర్‌కి ఇంటిగ్రేషన్ టెస్టులు (భాగాలన్నీ కలిసి సరిగా పనిచేస్తున్నాయా అని చూసేవి) రాయడానికి చాలాకాలంగా వాడుతున్న సరంజామా ఎలా పనిచేస్తోందో చెబుతాను.

మొత్తం మీద చాలా బాగుంది. ఒక్కచోట మాత్రం సొంతంగా రాసుకోక తప్పలేదు. చాట్ సర్వర్‌కి అదే కీలకమైన చోటు కాబట్టి ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

చాట్ అప్లికేషన్ టెస్టింగ్ అనగానే చాలామంది మోడల్ ఏం చెబుతుందో పరీక్షించాలని కూర్చుంటారు. సర్వర్ టెస్టుల్లో ఆ పని పెట్టుకోవద్దు. జవాబు ఎంత మారొచ్చో చెప్పే టెంపరేచర్ అనే సెట్టింగుని సున్నా పెట్టినా ఒకే ప్రశ్నకి ప్రతిసారీ అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు వస్తుందన్న గ్యారంటీ లేదు. పైగా ప్రతి రన్‌కీ బిల్లు పడుతుంది. వాడేవాళ్లని నిజంగా విసిగించేవి వేరే ఉన్నాయి. జవాబు సగంలో ఆగిపోతుంది, అక్షరాలు విరుగుతాయి, నిన్నటి సంభాషణ కనిపించదు, ఒకరి టిక్కీల లెక్క ఇంకొకరికి పోతుంది. ఇవన్నీ సర్వర్ చూసుకోవాల్సిన పనులు. వీటిని పట్టాలంటే మోడల్ నకిలీది పెట్టాలి, మిగతాదంతా అసలుది ఉంచాలి.

యాక్సమ్‌లో పోర్టు (బయటివాళ్లు సర్వర్‌తో మాట్లాడే తలుపు) తెరవకుండానే, ఏ రిక్వెస్టు ఏ కోడ్‌కి పోవాలో చూసే రౌటర్‌కి నేరుగా రిక్వెస్టు ఇచ్చే వన్‌షాట్ పద్ధతి ఉంది. మామూలు జేసన్ ఎండ్‌పాయింట్లకి అది చాలు, వేగం కూడా. స్ట్రీమింగ్‌కి, అంటే జవాబుని ముక్కలుగా పంపడానికి మాత్రం నిజమైన సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) కావాలి. పోర్టు నంబరు సున్నా ఇస్తే ఆపరేటింగ్ సిస్టమే ఖాళీగా ఉన్న పోర్టు ఒకటి ఇస్తుంది. అందుకని టెస్టులన్నీ ఒకేసారి నడిచినా పోర్టు దగ్గర గొడవ రాదు. మా ప్రతి టెస్టూ ఇలాగే సర్వర్‌ని లేపి, రిక్వెస్ట్ (reqwest) అనే హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీతో బయటి నుంచి మాట్లాడుతుంది.

నకిలీ మోడల్ కోసం మొదట వాడింది వైర్‌మాక్ అనే నకిలీ హెచ్‌టీటీపీ సర్వర్ లైబ్రరీ. ఫలానా దారికి ఫలానా హెడర్‌తో రిక్వెస్టు వస్తే ఈ జవాబివ్వు, సరిగ్గా ఒక్కసారే రావాలి అని చెప్పి వదిలేస్తే, టెస్టు చివర అదే లెక్క సరిచూసుకుంటుంది. మోడల్ 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి) ఇచ్చినప్పుడు మళ్లీ ప్రయత్నిస్తున్నామా, 500 (అవతలి సర్వర్లో తప్పు) వస్తే రైతుకి అర్థమయ్యే తెలుగు మాట పోతోందా లాంటివాటికి ఇంతకంటే హాయైనది నాకు దొరకలేదు. ఇబ్బందల్లా జవాబు బాడీని ఒకేసారి మొత్తంగా ఇవ్వాల్సి రావడం. ఆలస్యం పెట్టొచ్చు గానీ ఆ ఆలస్యం మొత్తం జవాబుకి. ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఆగుతూ పంపడం దాంతో కుదరలేదు. నిజమైన మోడల్ పంపేదేమో అలాగే.

అందుకని యాక్సమ్‌తోనే ఒక చిన్న నకిలీ సర్వర్ రాసుకున్నాం. జవాబుని బొట్టు బొట్టుగా పంపుతుంది కాబట్టి ఆఫీసులో దాన్ని బొట్టు సర్వర్ అంటాం. ఏ బైట్లు పంపాలి, ఎన్నెన్ని బైట్లకి తెంపాలి, మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఎక్కడ కనెక్షన్ తెంచేయాలి అన్నది టెస్టే చెబుతుంది. రాయడానికి పెద్ద పనేం కాదు. మొత్తం సరంజామాలో ఎక్కువ తప్పులు పట్టింది మాత్రం ఇదే.

తెలుగు వాళ్లకి ఇది మరీ అవసరం, ఎందుకో చూడండి. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి (అక్షరం, గుణింతపు గుర్తు లాంటి ఒక్కో యూనిట్‌కి) 3 బైట్లు. "మిర్చి" అన్న చిన్న మాటలో మ, గుడి, ర, పొల్లు, చ, గుడి కలిపి 6 కోడ్ పాయింట్లు, అంటే 18 బైట్లు. నెట్‌వర్క్ ముక్క ఎక్కడ తెగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. వచ్చిన ముక్కని వచ్చినట్టే లాసీ (చెల్లని బైట్ల చోట వేరే గుర్తు పెట్టే) పద్ధతిలో స్ట్రింగ్‌గా మారిస్తే, తెగిన అక్షరం చోట ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ పడుతుంది. యార్డులో ఒక గుమస్తాగారు అంతకుముందు వాడిన వేరే యాప్ నాకు చూపించి, "బాబూ, రేటు మధ్యలో ఈ డైమండ్లేంటి?" అని అడిగారు. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఒకే బైటు కాబట్టి, ఇంగ్లిష్ వాక్యాలతో టెస్టు రాస్తే ఈ తప్పు జన్మలో బయటపడదు.

మా టెస్టులో బొట్టు సర్వర్ తెలుగు వాక్యాన్ని ఏడేసి బైట్ల చొప్పున తెంపి పంపుతుంది. ఏడు మూడుతో భాగం పోదు, అక్షరం ఎక్కడో ఒకచోట విరిగి తీరుతుంది. అవతల వచ్చినదాన్ని అసలు వాక్యంతో బైటు బైటు పోలుస్తాం. ఈ చిక్కుకి మందు కూడా సులువే: బైట్లని బైట్లలాగే పోగేసి, కొత్త లైన్ గుర్తు వచ్చాకే ఆ లైన్‌ని స్ట్రింగ్ చేయాలి. తెలుగు అక్షరం లోపలి బైట్లన్నీ 128 లేదా అంతకంటే పెద్దవి, కొత్త లైన్ విలువ 10. రెండూ కలిసే ప్రసక్తే లేదు.

రెండో పెద్ద లాభం కనెక్షన్ తెగినప్పటిది. జవాబు వస్తుండగా రైతు ఫోన్ జేబులో పెట్టేసినా, సిగ్నల్ పోయినా యాక్సమ్ ఆ స్ట్రీమ్‌ని డ్రాప్ చేస్తుంది, అంటే పారేస్తుంది. దాంతో అందులో నడుస్తున్న ఫ్యూచర్ (ఇంకా పూర్తికాని అసింక్ పని) అక్కడికక్కడే ఆగిపోతుంది, కింద డేటాబేసులో రాయాల్సిన లైన్లు నడవవు. ఒకందుకు ఇది మంచిదే: మోడల్‌కి వెళ్లిన కాల్ కూడా తెగుతుంది. కానీ సగం జవాబైనా చరిత్రలో ఉండాలంటే సేవ్ చేసే పనిని విడిగా స్పాన్ చేసుకోవాలి, అంటే వేరే టాస్కుగా నడపాలి. కోడ్ చదివితే ఇది కనబడదు. టెస్టులో రెండు ముక్కలు రాగానే క్లయింట్‌ని డ్రాప్ చేసి, బొట్టు సర్వర్‌కి కనెక్షన్ తెగిందని తెలిసిందా, డేటాబేసులో సగం జవాబు పడిందా అని చూస్తాం. కొత్తగా చేరినవాళ్లకి అసింక్ రస్ట్ గురించి నేను మొదట చూపించేది ఈ టెస్టే.

టైం విషయంలో జాగ్రత్త. టోకియోలో గడియారాన్ని ఆపే సౌకర్యం ఉంది. 30 సెకన్ల టైమౌట్‌ని క్షణంలో పరీక్షించవచ్చు, అద్భుతమే. అయితే గడియారం ఆగి ఉండగా టోకియో రన్‌టైంకి చేసే పని లేకపోతే, అది తనంతట తానే తర్వాతి టైమర్ దాకా దూకేస్తుంది. పోస్ట్‌గ్రెస్ జవాబు కోసం ఎదురుచూడటం దాని లెక్కలో ఖాళీగా ఉండటమే. డేటాబేసు నిక్షేపంగా ఉన్నా కనెక్షన్ పూల్ (డేటాబేసుకి తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) టైమౌట్ అని ఎర్ర లైన్లు వస్తాయి. సాకెట్లున్న టెస్టుల్లో గడియారం జోలికి పోకుండా, టైమౌట్‌ని కాన్ఫిగ్‌లో పెట్టి 200 మిల్లీసెకన్లకి తగ్గించడం మేలు.

డేటాబేసుకి ఎస్‌క్యూఎల్‌ఎక్స్ అనే రస్ట్ లైబ్రరీ ఇచ్చే టెస్ట్ మాక్రో వాడుతున్నాం. ప్రతి టెస్టుకీ కొత్త డేటాబేసు తెరిచి, మైగ్రేషన్లు (టేబుళ్లు కట్టే స్క్రిప్టులు) వేసి ఇస్తుంది. టెస్టు పాసైతే తీసేస్తుంది, ఫెయిలైతే మనం చూసుకోవడానికి వదిలేస్తుంది. ఆ చివరి మర్యాద నాకెంతో నచ్చింది. టెస్టులు నడపడానికి కార్గో నెక్స్ట్‌టెస్ట్ అనే టూల్. ఒక్కో టెస్టుని ఒక్కో ప్రాసెస్‌లో నడుపుతుంది కాబట్టి ఒకదాని చెత్త ఇంకొకదానికి అంటదు. అందువల్లే ఒక డాకర్ కంటైనర్‌ని స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టి అన్ని టెస్టులూ పంచుకుందామంటే కుదరదు. పోస్ట్‌గ్రెస్‌ని బయట ఒక్కటే నడుపుకోవాలి.

కంపైల్ టైమే అసలు బాధ. టెస్ట్స్ ఫోల్డర్లో ఒక్కో ఫైలూ విడి బైనరీ అవుతుంది, ప్రతిదానికీ లింకింగ్ (కంపైలైన ముక్కలని ఒక ప్రోగ్రాంగా కలపడం) విడిగా జరుగుతుంది. అన్నిటినీ ఒకే మెయిన్ కింద మాడ్యూళ్లుగా మార్చాక చాలా ఊపిరాడింది. 2025 సెప్టెంబరులో వచ్చిన రస్ట్ 1.90 నుంచి 64-బిట్ ఇంటెల్ తరహా లినక్స్‌లో ఎల్‌ఎల్‌డీ లింకరే డిఫాల్ట్, అది మరికాస్త నయం. అయినా పాత లాప్‌టాప్‌తో రోహిణీ కార్తెలో ఈ పని పెట్టుకుంటే ఫ్యాన్ మోత ఆగదు, టార్గెట్ ఫోల్డర్ డిస్కుని మింగేస్తుంది.

అసలు మోడల్‌తో నడిచే టెస్టులు కొన్ని ఉన్నాయి. వాటికి ఇగ్నోర్ గుర్తు పెట్టి రాత్రిపూట విడిగా నడుపుతాం. అక్కడ కూడా వాక్యాలు పోల్చం. తేజ రేటు అడిగితే రేట్ల టూల్‌నే (రేట్లు తెచ్చే మా ఫంక్షన్‌ని) పిలిచిందా, రకం దగ్గర తేజ అనే ఇచ్చిందా, జవాబులో మన పట్టికలో లేని అంకె ఏదైనా కలిపిందా అన్నంత వరకే. యార్డు రేటు తప్పు చెబితే రైతు నష్టపోతాడు కాబట్టి ఆ మూడో తనిఖీని ఎప్పుడూ వదలం.

వాయిస్ ఇంకా మిగిలి ఉంది. రైతుల్లో చాలామందికి టైపు చేయడం కంటే మాట్లాడటమే ఇష్టం. ఆ ఆడియో ముక్కలు వెబ్‌సాకెట్ (రెండువైపులా పంపుకునేలా తెరిచి ఉండే కనెక్షన్) మీద వస్తాయి కాబట్టి బొట్టు సర్వర్‌కి ఇప్పుడు వెబ్‌సాకెట్ కూడా నేర్పుతున్నాం.