పర్మిషన్ లేని అంతస్తులో ఫ్లాట్ కొంటే: రెరానా, వినియోగదారుల కమిషనా?

మూడంతస్తులకే అనుమతి తెచ్చుకుని, నాలుగోది కూడా కట్టి "అన్ని పర్మిషన్లూ ఉన్నాయండీ" అని అమ్మేస్తారు. నోటీసు వచ్చాక గానీ కొన్నవాళ్లకు తెలియదు. జీవితకాలం పొదుపు కదా, ఆ టెన్షన్ మామూలుది కాదు.

2016 రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 12వ సెక్షన్ సూటిగా ఉంది. ప్రకటనలోనో బ్రోషర్‌లోనో చెప్పిన అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగొచ్చు. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే కట్టినదంతా వడ్డీతో సహా వెనక్కి కోరవచ్చు. బిల్డర్ ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. అందుకే రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టైతే నా ఓటు దీనికే.

కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన గల్లీల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇవే. అక్కడ వినియోగదారుల కమిషనే మేలు. చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. ఫిర్యాదుకు గడువు రెండేళ్లే, ఆలస్యం చేయకండి. ఆదేశం పాటించని బిల్డర్‌కు జైలుశిక్ష కూడా పడొచ్చు.

రెరా ఉందని కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఎటు వెళ్లినా బ్రోషర్, రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రంగా ఉంచుకోండి. మంజూరైన ప్లాన్ కాపీ కూడా సంపాదించండి.