దెబ్బతిన్న బాణం: అల్యూమినియమా, కార్బనా, ఏది మేలు?

మా విలువిద్య ప్రాక్టీసు గ్రౌండ్‌లో కొత్తగా చేరిన పిల్లలంతా కలిసి వాడుకునే బాణాల పెట్టెను కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చాక కాంపౌండ్ విల్లే (కొసల్లో కప్పీలుండే విల్లు) కావాలని అడిగే పిల్లల్ని చూస్తుంటే ముచ్చటేస్తుంది. వాళ్ల తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఒకటే: కార్బన్ బాణాలు కొనాలా, అల్యూమినియం సరిపోతాయా? ఏది సూటిగా పోతుందన్నది తర్వాత చూద్దాం. దెబ్బ తగిలితే ఆ బాణం మన కంటికి చూపిస్తుందా, లోపలే దాచుకుంటుందా? నేను ముందు చూసేది అదే.

అల్యూమినియం దాచుకోదు. బల్ల మీద మొన ఆనించి గిర్రున తిప్పితే వంకర ఉన్న బాణం వణుకుతుంది. కొద్దిపాటి వంకరను డయల్ ఉన్న స్ట్రెయిట్నర్ (వంకర కొలిచి సరిచేసే పరికరం) మీద సరిచేయొచ్చు. మోకాలికి ఆనించి వంచితే ఒక వంకర పోయి రెండు వస్తాయి. ఒకే చోట మళ్లీ మళ్లీ వంగిన షాఫ్ట్‌ను (బాణం గొట్టాన్ని) మాత్రం వదిలేయాలి, అక్కడ లోహం అలిసిపోతుంది. సొట్ట సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. షాఫ్ట్ మీద 1716 అని ఉంటే, దాని అడ్డుకొలత అంగుళంలో 64 భాగాలకు 17, గోడ మందం అంగుళంలో వెయ్యి భాగాలకు 16 అని అర్థం. అంటే గోడ దాదాపు 0.4 మిల్లీమీటర్లు. అంత పల్చని గొట్టానికి సొట్ట పడ్డాక దాన్ని బాగుచేయడమనేది లేదు. గోరుతో నిలువునా రాస్తే సొట్ట ఇట్టే తెలుస్తుంది.

కార్బన్ అలా కాదు. అది వంగి ఉండిపోదు. అయితే నిటారుగా ఉంటుంది, లేకపోతే పగులుతుంది. ఆ పగులు చాలాసార్లు కంటికి ఆనదు. ఒకసారి ఓ కుర్రాడి బాణం బట్ (గురి అంటించే దిమ్మ) తప్పి స్టాండు కర్రకు తగిలింది. తీసి చూస్తే గీత కూడా లేదు. "బాగానే ఉంది కదా సార్, వేసేస్తా" అన్నాడు. ఆగమని రెండు కొసలూ పట్టుకుని కొద్దిగా వంచితే చిటుక్కుమంది. కాస్త తిప్పి మళ్లీ వంచితే వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది. తాడు వదలగానే వెనక నుంచి పడే తోపుకి ఏ బాణమైనా ఒక్క క్షణం వంగుతుంది. చీలిన కార్బన్ ఆ క్షణంలోనే ముక్కలై విల్లు పట్టిన చేతిలో దిగబడొచ్చు. కాంపౌండ్ విల్లు తోపు ఇంకా ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువే.

అందుకే కార్బన్ బాణం గట్టి వస్తువుకు గానీ ఇంకో బాణానికి గానీ తగిలిన ప్రతిసారీ పరీక్షించాలి. కళ్లద్దాలు పెట్టుకుని, ముఖానికి ఎడంగా పట్టుకుని, రెండంగుళాలకు మించకుండా వంచాలి. కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ నాలుగైదు సార్లు ఇలా చేయాలి. తర్వాత రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టాలి. సులువుగా మెలితిరిగినా, చప్పుడు వచ్చినా ఆ బాణం పని అయిపోయినట్టే. పైన పీచు లేచిందేమో చూడటానికి వేలు వాడకండి, దూది ముక్క జార్చండి. పీచు ఉంటే దూది తగులుకుంటుంది. కార్బన్ పేడు చర్మంలో దిగితే తీయడం నరకం. ఇక పగిలిన చోట జిగురు పోసి టేపు చుట్టడం మరమ్మతు కానే కాదు.

మరమ్మతు చేసుకోదగ్గవి రెండింట్లోనూ అవే: రెక్కలు, నాక్ (తాడుకు తగిలించే వెనక కొస), మొన. నాక్ పగిలితే మార్చండి, కానీ దాన్ని పగలగొట్టిన దెబ్బ షాఫ్ట్ దాకా పోయిందేమో చూశాకే. ఊడిన రెక్క జిగురు గీకేటప్పుడు అల్యూమినియం కొంచెం మొరటు చేతినీ ఓర్చుకుంటుంది. కార్బన్ మీద చాకు లోతుగా దిగితే పీచే తెగుతుంది. మొన దగ్గర తేడా ఇంకా ఎక్కువ. కార్బన్‌లో పీచును పట్టి ఉంచేది ఎపాక్సీ అనే జిగురు, అది వేడికి పాడవుతుంది. షాఫ్ట్‌కు మంట చూపించకూడదు. హాట్‌మెల్ట్ (వేడికి కరిగే) జిగురుతో అతికించిన మొనైతే మొన వరకే మరిగే నీళ్లలో ముంచి శ్రావణంతో లాగితే వస్తుంది. అందుకే మొనకు నేను హాట్‌మెల్టే వాడతాను. రెండు భాగాల ఎపాక్సీతో అతికిస్తే తర్వాత తీయడానికి షాఫ్ట్ ఓర్వలేనంత వేడి కావాలి.

70 మీటర్ల దూరం, గాలి, పోటీ అంటే మాట మారుతుంది. సన్నగా, తేలిగ్గా ఉండే కార్బన్‌కు అక్కడ సాటి లేదు. పెద్ద పోటీల్లో వాడే కొన్ని బాణాల్లో లోపల అల్యూమినియం గొట్టం, పైన కార్బన్ ఉంటాయి. వాటికి తిప్పి చూసే పరీక్ష, వంచి చూసే పరీక్ష రెండూ చేయాలి. కానీ పదేళ్ల పిల్లలు పది మంది ఒకే పెట్టెలోంచి తీసుకుని, బట్ తప్పిస్తూ, ఒకరి బాణాన్ని ఇంకొకరు తొక్కుతూ నేర్చుకునే చోట నా ఓటు అల్యూమినియానికే. దానికి తగిలిన దెబ్బ పిల్లాడి కంటికీ కనిపిస్తుంది. కార్బన్ కొంటే, రోజూ కూర్చుని ఒక్కొక్కటీ వంచి చూసే పెద్ద మనిషి ఒకరు ఉండి తీరాలి.

పనికిరాదనుకున్న బాణాన్ని పక్కన పెడితే చాలదు. సాయంత్రానికి ఎవరో ఒకరు దాన్ని మళ్లీ పెట్టెలో వేస్తారు. నేను ముందు నాక్ పీకేస్తాను, అది లేకపోతే బాణం తాడుకు తగలదు. తర్వాత పగులు మీద ఎర్ర టేపు చుట్టి చెత్తలో పడేస్తాను.