న్యూ నేషన్ ఓట్స్: లెక్కలు బంగారం, కూడికే జాగ్రత్త

1787 నుంచి 1825 దాకా అమెరికాలో జరిగిన ఎన్నికల లెక్కలు కౌంటీల (రాష్ట్రాల్లోని పాలనా విభాగాల) వారీగా కావాలంటే ముందు తెరవాల్సిన సైటు 'ఎ న్యూ నేషన్ ఓట్స్'. ఫిలిప్ లాంపీ దశాబ్దాల తరబడి పాత పత్రికలు తిరగేసి చేత్తో ఎత్తిరాసిన అంకెలివి. అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ, టఫ్ట్స్ యూనివర్సిటీ కలిసి వాటిని ఆన్‌లైన్‌లో పెట్టాయి. పైసా కట్టక్కర్లేదు.

సంవత్సరం, రాష్ట్రం, పదవి ఎంచుకుంటూ పోతే కావాల్సిన ఎన్నిక దొరుకుతుంది. చాలా ఎన్నికల పేజీల్లో లాంపీ చేతిరాత కాగితాల స్కాన్లు కూడా ఉంటాయి. ఏదైనా అంకె తేడాగా అనిపిస్తే అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చిక్కల్లా ఆనాటి పద్ధతి తెలియకుండా దిగితేనే. 1800 అధ్యక్ష ఎన్నికనే తీసుకోండి. 16 రాష్ట్రాల్లో జనం ఓటేసి ఎలక్టర్లను, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులను, ఎన్నుకున్నవి ఐదే: వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినా, కెంటకీ, రోడ్ ఐలాండ్. మిగతా చోట్ల ఆ పని శాసనసభలదే, మన ఎమ్మెల్యేలు రాజ్యసభ సభ్యులను ఎన్నుకున్నట్టు. కాబట్టి మసాచుసెట్స్‌లో కౌంటీల లెక్క కనబడకపోతే సైటును తిట్టుకోకండి. అక్కడ ఆ ఏడు జనం ఓటే లేదు.

ఇంకో సంగతి, ఓట్లు పడేది ఎలక్టర్లకు. పేజీలో అధ్యక్ష అభ్యర్థి జెఫర్సన్ పేరుకు బదులు ఎవరో స్థానిక పెద్దమనుషుల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఎవరు ఏ పార్టీ అన్నది చూసుకున్నాకే అంకెల జోలికి వెళ్లాలి.

అసలు తప్పు జరిగేది కూడికలో. వర్జీనియా ఆ ఎన్నికకు ముందు జిల్లాకొక ఎలక్టర్‌ను ఎన్నుకునే పద్ధతి తీసేసి, రాష్ట్రమంతా ఒకే జాబితాకు ఓటేసే పద్ధతి పెట్టింది. ఎలక్టర్లు 21 మంది, ఒక్కో ఓటరు ఓటేసేదీ 21 మందికి. అందరి ఓట్లూ కూడితే ఒకే మనిషిని 21 సార్లు లెక్కపెట్టినట్టే. జాబితాలో ఎక్కువ ఓట్లొచ్చిన ఎలక్టర్ అంకెనే పార్టీ ఓటుగా తీసుకోండి. మేరీలాండ్‌లో పది జిల్లాలు, జిల్లాకొక ఎలక్టర్. అక్కడ మాత్రం జిల్లాలన్నీ కూడొచ్చు. రెండు రాష్ట్రాలకూ ఒకే ఫార్ములా లాగితే వచ్చే మొత్తం దేనికీ పనికిరాదు.

కొన్ని కౌంటీల అంకెలు దొరకలేదు. ఖాళీ గడిని సున్నా అనుకోకండి. స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించేటప్పుడు ఖాళీని ఖాళీగానే ఉంచండి. ఫుట్‌నోట్లు చదవకుండా దాటేయకండి.

జెఫర్సన్, ఆయన పార్టీ అభ్యర్థే అయిన బర్ చెరో 73 ఎలక్టోరల్ ఓట్లతో (ఎలక్టర్లు వేసే ఓట్లతో) సమానంగా నిలవడం, ప్రతినిధుల సభ 36వ విడత ఓటింగులో గానీ తేల్చలేకపోవడం, ఆ కథ ఈ అంకెల్లో దొరకదు. దానికి నేషనల్ ఆర్కైవ్స్ వారి 'ఫౌండర్స్ ఆన్‌లైన్' ఉంది, అదీ ఉచితమే. 1800 డిసెంబరు 15న జెఫర్సన్ బర్‌కు రాసిన ఉత్తరంతో మొదలుపెట్టండి.

1824 లెక్కల్లోనూ ఒక మెలిక ఉంది. న్యూయార్క్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో ఎలక్టర్లను ఎంచింది శాసనసభలే. 36 ఎలక్టోరల్ ఓట్లున్న న్యూయార్క్ లేకుండా వచ్చిన మొత్తాన్ని దేశమంతటి జనం ఓటు అని రాయకండి. ఇక 1828 అధ్యక్ష ఎన్నికలో జాక్సన్ గెలుపు కోసం ఇందులో వెతక్కండి, ఈ సైటు అంతదాకా రాదు.