నాయకుడి లోపమా, నాయకుడు చేసిన పొరపాటా: విషాద నాటకాల పాఠమాలపై ఒక సమీక్ష

సాహిత్య విద్యార్థుల కోసం విషాద నాటకాలపై రూపొందించిన ఒక ఆన్‌లైన్ పాఠమాలను ఇటీవల పూర్తిగా విన్నాను. నాయకుడి పతనానికి కారణమని చెప్పే ‘ట్రాజిక్ ఫ్లా’ను, అంటే అతని స్వభావంలోని లోపాన్ని, అందులో ఎలా బోధించారో తెలుసుకోవాలన్నదే నా ప్రధాన ఆసక్తి. ఒథెల్లోకు అసూయ, మాక్బెత్‌కు అధికార దాహం, ఈడిపస్‌కు అహంకారం అంటూ ఒక్కొక్కరికి ఒక్కో దుర్గుణాన్ని అంటగట్టి నాటకాన్ని ముగించేయడం తరగతి గదుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు.

ఉపన్యాసాలు మాత్రం ఆ దారిన పోలేదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నాటకకళపై రాసిన ‘పొయెటిక్స్’ 13వ అధ్యాయంలో ‘హమార్తియా’ (పొరపాటు) అన్న గ్రీకు మాట ఏ సందర్భంలో వస్తుందో ముందుగా చూపించారు. పరమ సజ్జనుడి పతనం మనకు ఏవగింపు కలిగిస్తుందనీ, దుర్మార్గుడి పతనం జాలినీ భయాన్నీ కలిగించదనీ, కాబట్టి ఈ ఇద్దరికీ మధ్యస్థుడై, దుష్టత్వం వల్ల కాక ఏదో ఒక హమార్తియా వల్ల పడిపోయేవాడే విషాదానికి తగిన నాయకుడనీ అరిస్టాటిల్ అంటాడు. అర్హత లేని కష్టాన్ని చూసినప్పుడే జాలి పుడుతుందని కూడా అక్కడే చెప్పాడు. పతనం దుర్గుణానికి పడిన శిక్షే అయితే ఆ జాలికి చోటెక్కడిది? ఈ తర్కాన్ని ఇంత నిదానంగా, మెట్టుమెట్టుగా విప్పి చెప్పిన బోధన నేను అరుదుగా విన్నాను.

సోఫోక్లీస్ రాసిన ‘ఈడిపస్’ మీద నడిచిన పాఠం ఈ పాఠమాలకే తలమానికం. కోరింత్ నుంచి వచ్చిన దూత, ఈడిపస్ తన తండ్రి అనుకుంటున్న రాజు పాలిబస్ చనిపోయాడన్న వార్త చెబుతాడు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న జోస్యం వల్ల, తల్లి విషయంలో ఈడిపస్‌కు ఇంకా మిగిలి ఉన్న భయాన్ని పోగొట్టాలని, పాలిబస్ దంపతులు నీ కన్న తల్లిదండ్రులు కారని బయటపెడతాడు. ఊరట కోసం అన్న ఆ మాటే అతని జీవితాన్ని తలకిందులు చేస్తుంది. మూడు దారుల కూడలిలో తనను కొట్టిన వృద్ధుణ్ణి ఈడిపస్ కోపంతోనే చంపాడు, అది నిజమే. కానీ అతను తన తండ్రి అని తెలియకపోవడమే ఆ హత్యను పితృహత్యగా మార్చింది. ఉపన్యాసకురాలు కోపాన్ని దాచిపెట్టకుండా, అజ్ఞానాన్ని తక్కువ చేయకుండా రెండింటినీ పక్కపక్కనే నిలబెట్టారు.

షేక్స్పియర్ భాగం కొంత పలుచగా ఉంది. విమర్శకుడు ఎ.సి. బ్రాడ్లీ షేక్స్పియర్ విషాద నాటకాలపై 1904లో ప్రచురించిన ఉపన్యాసాల ప్రస్తావన వచ్చింది గానీ, స్వభావం నుంచే చర్య పుడుతుందన్న ఆయన వాదం మాక్బెత్‌కు ఎంత చక్కగా అమరుతుందో విడమరిచి చెప్పలేదు. తటపటాయింపే హామ్లెట్ లోపం అనేవారికి, తెర వెనుక ఉన్నది ఎవరో చూడకుండానే అతను కత్తి దూసి పొలోనియస్‌ను చంపిన ఘట్టాన్ని గుర్తుచేసి ఉండవలసింది.

నన్ను నిజంగా బాధపెట్టినవి అభ్యాస పత్రాలు. ‘నాయకుడి లోపాన్ని ఒక్క పదంలో రాయండి’ అన్న ప్రశ్న, పాఠంలో అంత ఓపికగా నేర్పినదాన్నంతా తుడిచేస్తుంది. ఉపన్యాసాలను ఎవరికైనా సంతోషంగా సిఫారసు చేస్తాను. నాటకాన్ని ముందుగా చదువుకుని వింటే మరింత మేలు. అభ్యాస పత్రాలను మాత్రం తిరగరాయాలి: నాయకుడు ఏ క్షణంలో ఏమి చేశాడు, అప్పుడు అతనికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అని విద్యార్థిని అడగాలి.