రేడియోలో ఆర్కెస్ట్రా: డెక్కా ట్రీ మేలా, ఓఆర్‌టీఎఫ్ జత మేలా?

సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనభై, తొంభై మంది వాయిస్తారు. తలా ఒక మైకు పెట్టేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. అలా చేస్తే వాయిద్యాలన్నీ వినిపిస్తాయి గానీ అవి ఒకే హాల్లో కూర్చుని వాయిస్తున్నట్టు ఉండదు. అందుకే ముందు మొత్తం ఆర్కెస్ట్రాని కలిపి పట్టే మెయిన్ మైకుల సంగతి తేల్చుకోవాలి.

లండన్‌లోని డెక్కా రికార్డుల కంపెనీ ఇంజనీర్లు 1950లలో రూపొందించింది డెక్కా ట్రీ. కండక్టర్‌కి కాస్త పైన, మూడు మూడున్నర మీటర్ల ఎత్తులో మూడు ఓమ్ని మైకులు, అంటే అన్ని దిక్కుల నుంచీ ఒకేలా వినేవి, ఉంటాయి. ఎడమ, కుడి మైకుల మధ్య సుమారు రెండు మీటర్లు, మూడోది మధ్యలో మీటరున్నర ముందుకి. ఓమ్ని మైకు దూరం నుంచి వచ్చే బాస్‌ని కూడా తగ్గించకుండా పట్టుకుంటుంది. డబుల్ బాస్‌లు, బాస్ డ్రమ్ము నిండుగా పలుకుతాయి. మంచి హాల్లో ఆ ధ్వని వింటే ఇక వేరేది ఎందుకు అనిపిస్తుంది.

ఫ్రెంచ్ రేడియో వాళ్లు 1960 ప్రాంతంలో తెచ్చిన ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో కార్డియాయిడ్ మైకులు, అంటే ముందు వైపే ఎక్కువగా వినేవి, రెండే. మధ్య దూరం 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. బాస్ కొంచెం పలచన, కానీ ఎవరు ఎక్కడ కూర్చున్నారో స్పష్టంగా తెలుస్తుంది.

రికార్డుకైతే నా ఓటు ట్రీకే. ప్రసారానికి మాత్రం కాదు. వినేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది ఒక్క స్పీకరున్న రేడియో, లేదా ఫోను. అక్కడ ఎడమ, కుడి కలిసి మోనో అయిపోతాయి. ట్రీలో ఒకే వయొలిన్ ధ్వని మూడు మైకులకు మూడు వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. వాటిని కలిపితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ధ్వని బోలుగా తయారవుతుంది. ఓఆర్‌టీఎఫ్‌లో ఆ తేడా అర మిల్లీసెకను దాటదు కాబట్టి నష్టం తక్కువ.

అలాగని ఓఆర్‌టీఎఫ్‌తో ఇబ్బంది లేదని కాదు. అది పట్టే వెడల్పు దాదాపు 96 డిగ్రీలు. పదహారు మీటర్ల వెడల్పున్న ఆర్కెస్ట్రా మొత్తం అందులో ఇమడాలంటే ఏడు మీటర్లు వెనక్కి జరగాలి. అక్కడ సంగీతం కంటే ప్రేక్షకుల ముందు వరస దగ్గులే ఎక్కువ! కాబట్టి దగ్గరగా పెట్టి, రెండు చివర్లా ఒక్కో ఓమ్నిని తక్కువ లెవెల్లో కలపడం మంచిది. బాస్ లోటు కూడా తీరుతుంది.

రెండు మైకుల్ని ఒకే చోట 90 డిగ్రీల కోణంలో పెట్టే బ్లూమ్‌లైన్ జత ఉంది కదా అనొచ్చు. 1934లో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో దాంతో ఆర్కెస్ట్రాని రికార్డు చేశారు. కానీ ఆ మైకులు ముందు ఎంత వింటాయో వెనకా అంతే వింటాయి. బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవం జరిగే రాయల్ ఆల్బర్ట్ హాల్ లాంటి చోట ఆ ధైర్యం చేయను. ప్రతిధ్వని తగ్గించడానికి 1969లో పైకప్పుకి పుట్టగొడుగుల్లాంటి పలకలు వేలాడదీసిన హాలది.

ఏ పద్ధతైనా వెనక వరస ఫ్లూట్లు, బసూన్లు లాంటి ఊదే వాయిద్యాలకు స్పాట్ మైకులు, అంటే దగ్గర్లో విడిగా పెట్టేవి, తప్పవు. అవి మెయిన్ మైకులకు తొమ్మిది మీటర్ల దూరంలో ఉంటే స్పాట్‌కి సుమారు 26 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి. ఇవ్వకపోతే బసూన్ ఉన్నట్టుండి వయొలిన్ల ముందుకొచ్చి కూర్చుంటుంది. ఆ మైకు ధ్వనిని పెంచే మీట, అంటే ఫేడర్, ఎత్తుతూ పోయి, స్పాట్ ఉందని చెవికి తెలిసిన చోట ఆగి, రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సరి.

టీవీ కూడా ఉంటే ఇంకో లెక్క. కండక్టర్ నెత్తిన అంత పెద్ద ట్రీ కెమెరాకి అడ్డం. ఓఆర్‌టీఎఫ్ జతనైతే సన్నటి తీగలతో పైనుంచి వేలాడదీయొచ్చు.